కనిగిరి పెరట్లో రాతి పనిముట్లు: ప్రాజెక్టు డైరీ

ఏం చేస్తున్నాను

ప్రకాశం జిల్లా రాయితో, రాతియుగం వాళ్లకు దొరికే వస్తువులతో మాత్రమే పనిముట్లు చెయ్యాలి, చేసినవాటితో నిజంగా పని చెయ్యాలి, పని అయ్యాక అంచు ఎలా మారిందో మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. ప్రాజెక్టు ఇదే. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యం పెచ్చులు. మ్యూజియానికి వెళ్తే చేతిగొడ్డలికి అద్దాల పెట్టె, కింద చీటీ ఉంటాయి, దాన్ని చెక్కినప్పుడు రాలిన వందల పెచ్చులు మాత్రం ఎక్కడో స్టోర్ రూంలో సంచుల్లో ఉంటాయి. చేసిన మనిషి గొడ్డలి పట్టుకుని వెళ్లిపోతాడు, పెచ్చులు కూర్చున్న చోటే పడి ఉంటాయి. ఆ మనిషి ముందు ఏం చేశాడు, తర్వాత ఏం చేశాడు, ఎక్కడ మనసు మార్చుకున్నాడు అనేది తెలియాలంటే పెచ్చులే చెప్పాలని నా గట్టి నమ్మకం, దాన్ని నా చేతులతో పరీక్షించుకోవాలని మొదలుపెట్టాను.

ఈ పని ఇక్కడే చెయ్యడానికి కారణం ఉంది. మా కనిగిరికి దగ్గర్లోనే, పాలేరు పరీవాహకంలో ఉన్న హనుమంతునిపాడు దగ్గర దొరికిన మధ్య పాతరాతియుగం పనిముట్లకు సుమారు 2,47,000 ఏళ్ల వయసు తేలింది. గుండ్లకమ్మ ఎగువన రెట్లపల్లె దగ్గరవాటికి సుమారు 1,39,000 ఏళ్లు. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ పురావస్తు పరిశోధకులు, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి తేల్చిన లెక్కలివి. వాడింది ల్యూమినిసెన్స్ పద్ధతి, అంటే మట్టిలోని రేణువులు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలవడం. రాయి వయసు కొలిస్తే లాభం లేదు, అది కోట్ల ఏళ్ల నాటిది, దాన్ని మట్టి ఎప్పుడు కప్పేసిందో తెలియాలి. ఇంకా వెనక్కి వెళ్తే, గిద్దలూరు చుట్టుపక్కల రాతి పనిముట్ల మీద పురావస్తు శాస్త్రవేత్త కె.వి. సౌందరరాజన్ 1952లోనే రాశారు, అప్పటికి ప్రకాశం జిల్లాయే లేదు, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. అంతకంటే ముందు 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి చేతిగొడ్డలి దొరికింది, మన దేశంలో రాతియుగం చదువు అక్కడే మొదలైంది. ఆ గొడ్డలి రాయి క్వార్ట్‌జైట్. నేను వెతికేదీ అదే.

నవంబరు, రాయి కోసం

వానలు తెరిపి ఇచ్చాక నేనూ మా బావమరిదీ బండేసుకుని కంభం వైపు వెళ్లాం. కనిగిరి చుట్టూ రాయికి కొదవ లేదు, కానీ అది గ్రానైటు, మధ్యమధ్యలో తెల్ల పలుగురాయి చారలు. గ్రానైటులో రకరకాల స్ఫటికాలు కలిసి ఉంటాయి, దెబ్బ వేస్తే పగులు ఒక్కో స్ఫటికం దగ్గర ఒక్కో వైపు తిరుగుతుంది, పదునైన అంచు రాదు. చీమకుర్తి గెలాక్సీ రాయికి పాలిష్‌లో లోకమంతా పేరుంది గాని పెచ్చు తీయడానికి పనికిరాదు. మార్కాపురం రాయి పొరలు పొరలుగా విడిపోతుంది, పలకలకు అదే కావాలి, మనకు అదే ఇబ్బంది. పలుగురాయి పదునుగానే పగులుతుంది, అయితే లోపలంతా నెర్రెలు, గట్టిగా ఒక్కటి వేస్తే ముక్కలు ముక్కలై చేతిలోంచి రాలిపోతుంది. చిన్న చిన్న సూక్ష్మరాతి పనిముట్లకు దాన్ని వాడుకున్నారు, పెద్ద గొడ్డలికి మాత్రం చాలా కష్టం.

క్వార్ట్‌జైట్ ఎందుకంటే, అది ఒకప్పుడు ఇసుకరాయి. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ రేణువుల మధ్య సందులన్నీ సిలికాతో పూడిపోయి గట్టిపడింది. మామూలు ఇసుకరాయిని పగలగొడితే పగులు రేణువుల చుట్టూ తిరిగి పోతుంది, వేలితో రుద్దితే ఇసుక రాలుతుంది. మంచి క్వార్ట్‌జైట్‌లో పగులు రేణువులను కోసుకుంటూ నేరుగా పోతుంది, అంచు అందుకే వస్తుంది. నల్లమలలో, వెలికొండల్లో ఈ రాయి దండిగా ఉంది, వాగులు దాన్ని దొర్లించుకుంటూ వచ్చి గుండ్లకమ్మలో వేస్తాయి. ఏటి అడుగున లేత గులాబీ రంగువి, బూడిద రంగువి, కాఫీ పొడి రంగువి, అరచేతిలో పట్టేవాటి దగ్గర్నుంచి ఇద్దరు మోస్తే గాని కదలనివాటి దాకా కనిపించాయి.

ఇక్కడ ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. తీసుకునే ముందు ప్రతి రాయినీ నాలుగు వైపులా తిప్పి చూడాలి, ఎక్కడైనా పాత దెబ్బ గుర్తులు వరసగా ఉంటే దాన్ని తియ్యకుండా ఫోటో, లొకేషన్ తీసుకుని ఉన్నచోటే ఉన్నట్టు వదిలెయ్యాలి. పాత పనిముట్టును ఉన్న చోటు నుంచి కదిలిస్తే అది చెప్పేదాంట్లో సగం పోతుంది. ఇలాంటివి ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పైగా మేము కొట్టే కొత్త పెచ్చులు రేపు ఎవరికైనా పాతవాటిలా కనిపించే ప్రమాదం ఉంది, అందుకని పని అంతా టార్పాలిన్ పట్టా మీదే, ప్రతి పెచ్చు మీదా పెయింటు చుక్క, ఆఖర్న మిగిలిన పొడిని గుంటలో పూడ్చేటప్పుడు దాంతోపాటు ఈ మధ్య ముద్రించిన రూపాయి బిళ్ల ఒకటి. వెయ్యేళ్ల తర్వాత ఎవరు తవ్వినా ఇది ఎప్పటిదో తెలిసిపోతుంది.

రాయి మంచిదా కాదా తేల్చడంలో మాకు దారి చూపింది మా ఊరి వడ్డెర పెద్దాయన. జీవితమంతా రాళ్లు కొట్టినవాడు, రోళ్లకు గంట్లు పెట్టినవాడు, నేను మామా అని పిలుస్తాను. తెచ్చిన రాళ్లన్నీ పెరట్లో పరిచాం, ఆయన చిన్న గుండ్రాయి తీసుకుని ఒక్కోదాని మీద అలా తాటించుకుంటూ పోయాడు.

"ఇనపడిందా అబ్బయ్యా? ఇది పలకతా ఉంది. ఇది మూగది, లోపల నెర్రె ఉంది, పక్కన పడెయ్."

మూగవి అన్న రాళ్లలో రెండింటిని నేను పగలగొట్టి చూశాను. రెంటిలోనూ పాత నెర్రె, దాని గోడల మీద ఎర్రటి ఇనుము మరక. బయట నుంచి చూస్తే గీత కూడా లేదు.

డిసెంబరు, దెబ్బ ఎలా పనిచేస్తుంది

కిటికీ అద్దానికి గోళీ తగిలితే ముందువైపు చిన్న చిల్లు, వెనకవైపు వెడల్పాటి చిల్లు పడుతుంది చూడండి, లోపల గాజు శంకువు ఆకారంలో ఊడిపోతుంది. రాతి మీద సుత్తిరాయి పడినా జరిగేది అదే, దెబ్బ తగిలిన చుక్క దగ్గర్నుంచి పగులు శంకువులా విప్పుకుంటూ లోపలికి పోతుంది. రాయి మధ్యలో కొడితే ఆ శంకువు లోపలే ఉండిపోతుంది, రాయికి దెబ్బ, మనకు నొప్పి, అంతే. అంచుకు దగ్గరగా, పైముఖానికీ పక్కముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీల కంటే తక్కువ ఉన్నచోట కొడితే ఆ పగులు పక్కముఖం వెంబడి దిగి పెచ్చు ఊడి వస్తుంది. పెచ్చు లోపలివైపు, దెబ్బ తగిలిన చోటుకి కిందుగా, ఒక ఉబ్బు ఉంటుంది. అక్కడి నుంచి వంపు గీతలు కిందికి సాగుతాయి. క్వార్ట్‌జైట్‌లో ఈ గీతలు అంత బాగా కనబడవు, ఉబ్బు మాత్రం వేలికి తెలుస్తుంది. పొలంలో దొరికిన రాయి మనిషి కొట్టిందా, ఎండకీ వానకీ పగిలిందా అనే సందేహం వస్తే ముందు చూడాల్సింది ఈ ఉబ్బునే.

గుండ్రాళ్లతో వచ్చిన చిక్కు ఏమిటంటే వాటికి అసలు కోణమే ఉండదు. మొదటి పెచ్చు తీయడమే పెద్ద పని. పెద్ద రాయిని ఇంకో రాతి దిమ్మె మీద పెట్టి పైనుంచి బరువైన గుండుతో బాదితే గాని చీలలేదు. అలా చీలినప్పుడు అరచేతికి రెండింతల పెచ్చు ఒకటి వచ్చింది, అది చూశాక మన దేశంలో పాత చేతిగొడ్డళ్లు, క్లీవర్లు (మొనకు బదులు వెడల్పాటి అంచున్నవి) చాలావరకు ఇలాంటి పెద్ద పెచ్చుల మీదే ఎందుకు చేశారో అర్థమైంది. గుండ్రాయిని నాలుగు వైపులా చెక్కి సన్నం చెయ్యడం కంటే, ముందే సన్నగా ఉన్న పెద్ద పెచ్చును తీసుకుని అంచులు సరిచెయ్యడం ఎంతో సులువు.

మామ నేను కొట్టడం కాసేపు చూసి, ఒక గోనెపట్టా మడతపెట్టి నా తొడ మీద వేసి రాయిని దాని మీద ఆనించమన్నాడు. చేత్తో గాల్లో పట్టుకుంటే దెబ్బకి రాయి కదిలి పెచ్చు మధ్యలోనే విరిగిపోతోంది. తొడ మీద ఆనిస్తే పెచ్చు చివరిదాకా వస్తోంది. ఇంకోటి కూడా ఆయనే పట్టుకున్నాడు. కొట్టే ముందు అంచును గరుకు రాయితో రెండుసార్లు రుద్దాలి. అంచు మరీ పల్చగా ఉంటే సుత్తిరాయి తగలగానే నుజ్జయిపోతుంది, దెబ్బలోని బలమంతా ఆ నుజ్జులోనే పోతుంది. రుద్దితే అంచు మొద్దుబారి దెబ్బను తట్టుకుంటుంది, బలం లోపలికి వెళ్తుంది. ఆయన ఈ రాతియుగం సంగతులేవీ చదవలేదు. పాత పెచ్చుల మీద కూడా దెబ్బ తగిలే అంచున ఈ రుద్దుడు గుర్తులు చాలాచోట్ల ఉంటాయని చెప్తే, "ఉండవా మరి, రాయి అప్పుడైనా ఇదే గదా" అన్నాడు.

జాగ్రత్తల గురించి ఒక్కమాట. కళ్లద్దాలు, తోలు గ్లవుజులు, మాస్కు, ఆరుబయట గాలివాటు చూసుకుని కూర్చోవడం, పని అయ్యాక పట్టాను దులపకుండా నీళ్లు చల్లి ఎత్తడం. రాతి పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, పట్టుకుంటే వదలదు. ఇంగ్లండులో బ్రాండన్ అనే ఊళ్లో తుపాకులకు చెకుముకి రాళ్లు చెక్కేవాళ్లు ఈ జబ్బుతోనే పోయేవాళ్లు. మామ తరం వాళ్లు మాస్కు అనేది లేకుండా కొట్టారు, ఇప్పుడు నాతో కూర్చున్నప్పుడైనా పెట్టుకోమని బతిమాలుతున్నాను, పెట్టుకుంటున్నాడు.

జనవరి, మొదటి చేతిగొడ్డలి

పండక్కి ముందు ఒకటి పూర్తయింది. ఒక దెబ్బ ఈ ముఖం మీద, రాయి తిప్పి ఇంకో దెబ్బ ఆ ముఖం మీద, ముందు తీసిన పెచ్చు వదిలిన గుంటే తర్వాతి దెబ్బకి పీట. అలా అంచు చుట్టూ తిరిగి రావాలి. బయటి ఆకారం వచ్చేదాకా రాతి సుత్తి, తర్వాత సన్నం చెయ్యడానికి మెత్తటి సుత్తి. విదేశాల్లో దీనికి జింక కొమ్ము వాడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింక కొమ్ము దగ్గర ఉంచుకోకూడదు, అడవిలో దానంతట అది రాలింది దొరికినా సరే. చండ్ర కర్రతో కొట్టి చూశాను, పర్వాలేదు. దానికంటే గేదె కొమ్ము బాగుంది. గుజరాత్‌లో ఖంభాత్ పూసలపనివాళ్లు అగేట్ రాళ్లను ఇనప మొనకు ఆనించి గేదె కొమ్ము సుత్తితోనే చెక్కుతారు, ఆలోచన అక్కడిది. కొమ్ము చివర గట్టి భాగం కోసి వెదురు కర్రకి బిగించాను.

సుత్తి మారగానే పెచ్చు మారిపోయింది. రాతి సుత్తి పెచ్చులు మందంగా, ఉబ్బు కొట్టొచ్చినట్టు ఉంటాయి. కొమ్ము సుత్తి పెచ్చులు పల్చగా, కొంచెం వంపు తిరిగి, ఉబ్బు దాదాపు కనబడకుండా, దెబ్బ తగిలిన అంచు కింద చిన్న పెదవి ఉన్నట్టు వచ్చాయి. గోరు పెట్టి లాగితే ఆ పెదవి తగులుతుంది. అంటే గొడ్డలి దొరక్కపోయినా, సుత్తి మట్టిలో కుళ్లిపోయినా, ఈ పెచ్చులు దొరికితే చాలు, ఇక్కడెవరో మెత్తటి సుత్తితో ఆఖరి చెక్కుడు చేశారని బలంగా అనుమానించొచ్చు.

రెండు కిలోల పైచిలుకు రాయి చివరికి ఏడొందల గ్రాములకు దిగింది. మిగతాదంతా పట్టా మీదే ఉంది. దాన్ని పెద్ద రంధ్రాల జల్లెడ, చిన్న రంధ్రాల జల్లెడ పట్టి వేరు చేశాను. ముందు రాలినవాటికి ఒకవైపంతా ఏటి నీళ్లకు నునుపెక్కిన పైపొర ఉంది, మధ్యలో వచ్చినవాటికి కొంచెం కొంచెం, చివర్లో వచ్చినవాటికి అసలు లేదు. తవ్వకంలో పైపొర పెచ్చులు ఎక్కువుంటే పని అక్కడే మొదలైందని, అవి లేకుండా పల్చటివే ఉంటే వేరేచోట సగం చెక్కి తెచ్చి ఇక్కడ పూర్తిచేశారని అర్థం. కర్ణాటకలో హుణసగి లోయలోని ఇసాంపూర్‌లో కె. పద్దయ్య గారు తవ్విన చోట రాయీ పనీ రెండూ ఒక్కచోటే, అందుకే తొలి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా అన్ని దశల పెచ్చులూ దొరికాయి. చిన్న జల్లెడ కిందికి దిగినవి, గోరంత, గింజంత ముక్కలు, లెక్క పెట్టలేనన్ని. ఇవి చాలా పనికొస్తాయి. వాగు పొంగితే ముందు కొట్టుకుపోయేవి ఇవే, కాబట్టి ఇవి అక్కడే ఉన్నాయంటే ఆ చోటు పెద్దగా చెదరలేదన్నమాట.

నేను లేచాక పట్టా మీద చూస్తే నా కాళ్లు ఉన్నచోట ఖాళీ, చుట్టూ పెచ్చులు, ఎడమ తొడ పక్కన గుట్ట. పైనుంచి ఫోటో తీశాను. ఇంగ్లండులోని బాక్స్‌గ్రోవ్‌లో సుమారు 5 లక్షల ఏళ్ల నాటి నేల మీద సరిగ్గా ఇలాగే కూర్చున్న మనిషి కాళ్ల జాడ పెచ్చుల మధ్య మిగిలి ఉంది. అది చదివి చాన్నాళ్లయింది గాని, అది ఎంత మామూలుగా జరిగిపోతుందో నా పట్టా చూశాక తెలిసింది.

జనవరి చివర, లెవల్వా

హనుమంతునిపాడు, రెట్లపల్లె పనిముట్లలో ముఖ్యమైనది ఈ పద్ధతే. పారిస్ పక్కన ఉన్న ఒక ఊరి పేరు దీనికి పెట్టారు. గొడ్డలిలో రాయిని చెక్కి చెక్కి మిగిలినదాన్ని వాడతారు, ఇందులో తల్లిరాయిని, అంటే పెచ్చు తీయాల్సిన రాయిని, ముందుగా చుట్టూ చెక్కి, పైముఖాన్ని తగినంత ఉబ్బుగా తయారుచేసి, చివరికి ఒక్క దెబ్బతో అనుకున్న ఆకారంలో పెచ్చు ఊడదీస్తారు. ఆ దెబ్బ కోసం అంచును చిన్న చిన్న చెక్కులతో సిద్ధం చేస్తారు. పెచ్చు మీద ఆ చెక్కుల గుర్తులు ఉండిపోతాయి.

గులాబీ క్వార్ట్‌జైట్ రేణువు ముతక, దాంతో పైముఖం ఉబ్బు సరిగా రావడం లేదు, పెచ్చు సగంలో మెట్టులా విరుగుతోంది. బూడిద రంగు రాయి సన్న రేణువుది, దాంతో ఒకటి చక్కగా వచ్చింది, చేపలా కోలగా, చుట్టూ పదును. పద్ధతి ఎంత ముఖ్యమో రాయి ఎంపిక కూడా అంతే ముఖ్యమని ఇక్కడ తేలింది.

ఇవి చేసింది మన లాంటి మనుషులేనా, అంతకు ముందువాళ్లా అనే వాదన నడుస్తోంది. మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం ఇలాంటి పద్ధతికి సుమారు 3,85,000 ఏళ్ల వయసు చూపించింది, 2018లో. మన దేశంలో అంత పాత మనిషి ఎముకంటే 1982లో నర్మద ఒడ్డున హథ్నోరాలో అరుణ్ సోనాకియాకు దొరికిన పుర్రె భాగమే ముఖ్యమైనది. ఎముకలు లేనిచోట వాదనంతా పనిముట్ల మీదే నడవాలి, అలాంటప్పుడు పెచ్చుల మీది దెబ్బల వరస ఎంత ఓపిగ్గా చదివితే అంత మంచిది.

ఫిబ్రవరి, వాడకం

ఆదివారం మటన్ కొట్టు దగ్గర పొట్టేలు తోలు, కాళ్లు అడిగి తీసుకున్నాను. కొట్టు భాయ్ చూస్తానని ఆగాడు. చెక్కుళ్లేవీ చెయ్యని, అప్పుడే ఊడిన పెచ్చుతో తోలు మీద లాగితే ఏమీ ఒత్తిడి లేకుండా తెగింది. "అన్నా, ఇది నా కత్తి కంటే బాగా దిగుతుంది" అన్నాడాయన, నా చేతిలోంచి తీసుకుని మోకాలి కీలు దగ్గర కండరం ఆయనే కోశాడు. కాసేపటికి కొవ్వు పట్టి జారడం మొదలైంది, బూడిదతో తుడిస్తే మళ్లీ దిగింది. కీలు విడదీయడానికి, ఎముక పగలగొట్టడానికి మాత్రం బరువు కావాలి, అక్కడ చేతిగొడ్డలి పనికొచ్చింది. సన్నటి కోతకు ఉత్త పెచ్చే మేలు. అమెరికాలో పురావస్తు పరిశోధకులు నికొలస్ టోత్, క్యాథీ షిక్ సహజంగా చనిపోయిన ఏనుగు తోలును చిన్న పెచ్చులతోనే కోసి చూపించారు. తయారు చేసిన పనిముట్టు, పనికిరాని పెచ్చు అనే విభజన ఇలాంటిచోట నిలబడదు.

తర్వాత సుబాబుల్ కర్ర. మా జిల్లాలో పేపరు మిల్లుల కోసం తోటలకు తోటలు వేస్తారు, కర్రకి కొదవేముంది. పచ్చి కర్ర బెరడు తీయడం, మొన చెక్కడం పల్చటి పెచ్చుతో కుదర్లేదు, అంచు చిట్లింది. అంచును ఒకవైపు నుంచి చిన్నచిన్నగా చెక్కి నిటారు చేస్తే గీకుడు బాగా సాగింది, చితుకులు వంకీలు తిరుగుతూ వచ్చాయి. పదును తగ్గించుకుంటే బలం పెరిగింది.

పలుగురాయి చిన్న ముక్కలను కర్ర గాడిలో అతికించి కొడవలి చెయ్యడానికి తుమ్మ జిగురు, తేనెమైనం, ఎర్రమన్ను కలిపాను. ఉత్త తుమ్మ జిగురు ఆరాక పెళుసుగా విరిగింది. ఎర్రమన్ను మెత్తగా నూరి కలిపి సన్న సెగ మీద ఆరబెడితే గట్టిగా పట్టింది. దక్షిణాఫ్రికా సిబుడు గుహలో దొరికిన పనిముట్ల మీద ఇలాంటి ఎర్రమన్ను కలిసిన జిగురు జాడలున్నాయి, పురావస్తు శాస్త్రవేత్త లిన్ వాడ్లీ అక్కడి తుమ్మజాతి జిగురుతో ఇదే పని చేసి చూశారు.

ప్రతి పెచ్చుకీ వాడక ముందు అంచు ఫోటో, వాడాక సబ్బు నీళ్లతో, స్పిరిట్‌తో కడిగి అదే చోట మళ్లీ ఫోటో. ముందు ఫోటో లేకపోతే తర్వాత ఫోటోకి విలువ లేదు. వాడకం గుర్తుల ఈ చదువుకి దారి వేసింది రష్యాలో సెమ్యోనోవ్, 1950ల్లో. తర్వాత లారెన్స్ కీలీ ఎక్కువ పవర్ మైక్రోస్కోపు కింద కర్రకీ తోలుకీ ఎముకకీ గడ్డికీ వేర్వేరు మెరుపు వస్తుందని చూపించాడు. అది ఎక్కువగా చెకుముకి రాయి మీద చేసిన పని. మన క్వార్ట్‌జైట్‌లో అంచంతా ఒకే మెరుపు రాదు, ఒక్కో రేణువు తల మీద విడివిడిగా చూసుకోవాలి. సుబాబుల్ కర్ర గీకిన పెచ్చులో రేణువుల తలలు గుండ్రంగా అరిగి నున్నగా కనబడుతున్నాయి. తోలు కోసినదాంట్లో అంచు గుండ్రబడింది గాని మెరుపు తక్కువ.

ఇంకో పని కూడా చేశాను, వాడని పెచ్చులు కొన్ని మా ఇంటి గేదెలు చెరువుకి వెళ్లే దారిలో పలచగా మట్టి కప్పి పెట్టాను. కొద్ది రోజుల తర్వాత తీస్తే అంచుల మీద చిట్లిన గుర్తులు, కొన్ని అచ్చం వాడినట్టే. అయితే అవి ఒక పద్ధతి లేకుండా రెండు ముఖాల మీదా చెల్లాచెదురుగా ఉన్నాయి, కర్ర గీకినదాంట్లో ఒకే ముఖం మీద వరసగా ఉన్నాయి. పొగాకు చేలల్లో, కంది చేలల్లో పైన దొరికే పనిముట్లకు పశువులే కాదు, ట్రాక్టరు రోటవేటరు దెబ్బలు కూడా ఉంటాయి. అక్కడ కొత్త పగులు రంగు తాజాగా ఉంటుంది, పాత ముఖం రంగు మారి ఉంటుంది, దాన్నిబట్టి పట్టుకోవచ్చు.

మార్చి, మామ గొడ్డలి

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ ఎదురుచూసింది దీనికోసం. మామని ఒక గొడ్డలి చెయ్యమన్నాను, నేను లేనప్పుడు, పట్టా మీద. గొడ్డలి ఆయన ఇంట్లో పెట్టుకోవాలి, నాకు చూపించకూడదు, పెచ్చులన్నీ నాకు ఇవ్వాలి. రాయి మాత్రం నేనే ఎంచాను, కాఫీ రంగు మీద సన్నటి తెల్ల చారలున్నది. చారలుంటే ముక్కలు కలపడం తేలిక.

రాత్రుళ్లు బల్ల మీద పరిచి ఒక్కోటి కలుపుకుంటూ వచ్చాను. పైపొర ఉన్నవి ముందు కలిశాయి, బయటి గుండు ఆకారం చిప్పలా తయారైంది. తర్వాత లోపలివి. ఒక పెచ్చు ఉబ్బు ఇంకో పెచ్చు గుంటలో పడి టక్కున కూర్చుంటే తెలిసిపోతుంది, అటూ ఇటూ కదలదు. కూర్చున్నవాటిని ఫెవిక్విక్ చుక్కతో పట్టించాను. చివరికి రెండు సగాలుగా బోలుగా ఉన్న రాయి మిగిలింది, లోపల గొడ్డలి ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ లోపలంతా నూనె రాసి, సగాలు దగ్గరికి కట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోశాను. ఆరాక విప్పితే తెల్లటి గొడ్డలి వచ్చింది.

దాన్ని తీసుకుని మామ ఇంటికి వెళ్లాను. ఆయన అసలుది బయటికి తెచ్చి పక్కన పెట్టాడు. పొడవు, వెడల్పు, మొన వాలు కలిశాయి. మడమ దగ్గర, అంటే మొనకు ఎదురు చివర, నా ప్లాస్టర్‌ది కొంచెం లావు, అక్కడి చిన్న పెచ్చులు నాకు దొరకలేదు. ఆకారం కలవడం కంటే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది వేరే ఉంది. పెచ్చుల వరస చూసినప్పుడు ఒకచోట తేడా కనిపించింది, అప్పటిదాకా ఒక చివర మొన తీస్తూ వచ్చిన దెబ్బలు ఉన్నట్టుండి ఆగిపోయి, రెండో చివర నుంచి మొదలయ్యాయి. ఆగిన చోట చివరి పెచ్చు మెట్టులా విరిగింది, విరిగిన ముఖం మీద సన్నటి ఎర్ర మరక. నెర్రె తగిలి రాయిని తలకిందులు చేసుకున్నాడని నోటుబుక్కులో రాసుకున్నాను. అడిగాను.

"మామా, ముందు మొన ఇటు తీద్దామనుకున్నావా?"

ఆయన గొడ్డలిని చేతిలో తిప్పి చూసుకున్నాడు. "అవును, ఇటే అనుకున్నా. సగానికొచ్చినాక నెర్రె తగిలింది, ఇటైతే నిలవదని తిప్పుకున్నా. నీకెవరు చెప్పినారు?"

పెచ్చుల్లో ఉంది అని ఆ మెట్టు విరిగిన ముక్క చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు.

తవ్వకంలో ఎప్పుడూ అన్ని పెచ్చులూ దొరకవు, కొన్ని వాగు తీసుకుపోతుంది, కొన్ని వాళ్లే వాడుకోవడానికి పట్టుకుపోతారు. అందుకని ఇప్పుడు ఆయన రెండోది మొదలుపెట్టాడు, ఈసారి పెచ్చుల్లో మూడో వంతు తనకు నచ్చినవి తీసి దాచేస్తాడు, ఏవి దాచాడో చెప్పడు. మిగిలినవాటితో ఆకారం ఎంతవరకు వస్తుందో, వరస ఎంతవరకు చదవగలనో చూడాలి. ఈలోగా బుచ్చిరెడ్డిపాళెంలో మా పిన్ని వాళ్ల పొలం కోతకొచ్చింది, మిషన్ దిగకముందే ఒక మూల నాకోసం వదలమన్నాను. తుమ్మ జిగురుతో అతికించిన కొడవలితో వరి కోసి, వరిగడ్డిలోని సిలికాకి పలుగురాయి అంచు మీద మెరుపు ఎంతసేపటికి వస్తుందో గడియారం పెట్టి చూస్తాను.